పదకొండు నీలం డబ్బాలు

ఆ ఎండాకాలం మా అక్క కాపాడుకోవాల్సింది ఒక్కటే, బీచిలో తన జాగా. రోడ్డు గోడని ఆనుకుని ఒక రేకుల షెడ్డు, షెడ్డు ముందు నుంచి నీళ్ళదాకా రెండొందల అడుగుల ఇసుక, అందులో నలభై గొడుగులు, ఎనభై మడత కుర్చీలు. పద్దెనిమిదేళ్ళుగా వాటిని అద్దెకిస్తోంది. బీచి ఆఫీసు వాళ్ళు మూడేళ్ళకోసారి అనుమతి కాగితం తిరగరాస్తారు. అది తిరగరాయాల్సిన ఏడు.

రెండో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో పేల్చే రకం కాదు నేను. అక్కకి చూపు పోతోంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, సూదిలో దారం కూడా ఎక్కిస్తుంది. పక్కనున్నదే కనిపించదు. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందట, ఆ గొట్టం ఏడాదికేడాదీ సన్నబడుతోందట. ఈ విషయం తనకీ కళ్ళ డాక్టరుకీ తప్ప మూడో మనిషికి తెలియదని అక్క ధీమా. నాకు మాత్రం నిజంగానే తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో భుజాలు రాసుకుంటూ తిరిగేవాళ్ళం. నన్ను గుద్దుకున్నప్పుడల్లా "దున్నపోతులా అడ్డంగా నిలబడతావేమే?" అని నన్నే తిట్టేది. నేనూ నిజమే కాబోలనుకుని పక్కకి తప్పుకునేదాన్ని.

ఇంట్లో ఉండేది ముగ్గురం. అక్క, బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే బావ, నేను. షెడ్డులో ఒక మూల నా కుట్టుమిషను ఉండేది. గాలికి చిరిగిన గొడుగులకి మాసికలు వెయ్యడం నా పని. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి, మాసిక బాగా వేశావని తప్ప ఇంకో మెప్పు ఎరగను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పనికి సగం కారణం అదే.

ఎండలు ముదిరే వేళకి శనివారం దండు దిగింది. పాతికమంది. నారింజ రంగు ఏప్రన్లు, రబ్బరు చేతి తొడుగులు, పొడుగాటి పట్టకార్లు, గోనెసంచులు. వాళ్ళ నాయకురాలు రిటైరైన కెమిస్ట్రీ లెక్చరరు. మెళ్ళో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది కనక అందరూ విజిల్ మేడమ్ అనేవారు. ఒకసారి ఊదితే పని మొదలు, రెండుసార్లు ఊదితే మంచినీళ్ళు, మూడుసార్లు ఊదితే ఎవరో తప్పు సంచిలో తప్పు చెత్త వేశారని అర్థం. మూతలు వేరు, సీసాలు వేరు, వల ముక్కలు వేరు, సిగరెట్ పీకలు వేరు. బ్యాంకులో పనిచేసే ఒకాయన అట్ట మీద కాగితం పెట్టుకుని, దొరికిన ప్రతి దానికీ ఒక గీత గీసేవాడు. సముద్రంలోకి ఏది ఎంత పోతోందో తెలియాలంటే గీత గీయాల్సిందే అనేది మేడమ్.

రెండో శనివారం నేనూ ఏప్రన్ కట్టాను.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. నీ మంచం కింద ఊడ్చి ఎన్నాళ్ళయిందే?"

"బీచి బాగుంటే నీకేగా అక్కా లాభం."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? సరే, ఏరుకో తల్లీ. నా జాగాలో మాత్రం చెయ్యి పెట్టకు."

అక్క జాగాలో చెత్తంటూ పెద్దగా లేదు. ఉన్నవల్లా నీలం డబ్బాలే. ఇంజనాయిల్ ఖాళీ డబ్బాలు, ఇసుక నింపి, మెడదాకా పాతిపెట్టినవి. షెడ్డు గుమ్మం నుంచి నీళ్ళదాకా వరసగా పదకొండు. ఎండకి రంగు వెలిసి, అంచులు పగిలి, చూడ్డానికి దరిద్రంగా ఉండేవి. వీటినెందుకక్కా ఇక్కడ పాతావని ఒకసారి అడిగాను. "పెంచుకుంటున్నాను, మొలకలొస్తాయి" అంది. మరోసారి అడిగితే ముట్టుకుంటే చెయ్యి విరుగుతుందంది. అక్క మొండితనం పుట్టినప్పటి నుంచీ ఎరిగినదాన్ని కనక ఇదీ అందులో ఒకటనుకున్నాను.

నాలుగు వారాల్లో నేను దండులో కాస్త పేరు తెచ్చుకున్నాను. ఇసుకలో కూరుకుపోయిన వలని తెగకుండా లాగడం నాకొచ్చినట్టు ఇంకెవరికీ రాదు, కుట్టుపని చేసిన చేతులు కదా. "ఈవిడ దగ్గర నేర్చుకోండి" అని మేడమ్ అందరి ముందూ అనేసరికి నాకు ఒళ్ళు తేలిపోయింది. బీచి ఆఫీసు గోడ మీద ఒక పటం అంటించారు. శుభ్రమైన చోటుకి పచ్చరంగు, కానిచోటుకి ఎర్రరంగు. ఐదో శనివారానికి పటమంతా పచ్చగా ఉంది, మధ్యలో ఒక్క ఎర్ర చుక్క. అది మా జాగా.

"మీ అక్కగారితో మీరే మాట్లాడాలమ్మా" అంది మేడమ్ మెత్తగా. "పాతిన ప్లాస్టిక్కు పగిలి ముక్కలైతే ఇసుకలో కలిసిపోతుంది. ఇక తీయలేం."

ఆమె చెప్పింది తప్పు కాదు. ఇప్పటికీ తప్పనను.

ఆ రోజే అక్క, గొడుగు కడ్డీలు కొనుక్కొస్తానని ఊళ్ళోకి వెళ్ళింది. నిజానికి వెళ్ళింది కళ్ళ ఆసుపత్రికి. అక్క సందు మలుపు తిరగ్గానే నేను పలుగు తీసుకుని దిగాను. ఒక్కో డబ్బా చుట్టూ తవ్వి, ఊపి, పైకి లాగాను. తడి ఇసుక వదల్లేక వదిలింది. పదకొండూ లాగి పక్కన పడేస్తే బ్యాంకాయన పదకొండు గీతలు గీశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నానికి లారీ వచ్చి ఎత్తుకుపోయింది. సాయంత్రానికి పటంలో ఎర్ర చుక్క మీద పచ్చరంగు పడింది. వెయ్యమని కుంచె నా చేతికే ఇచ్చారు.

అక్క ఆ సాయంత్రం బీచికి రాలేదు. తలనొప్పి అని ఇంటికొచ్చి పడుకుంది. డాక్టరు వేసిన చుక్కల వల్ల కళ్ళు మసకబారాయని నాకేం తెలుసు? గొడుగులు నేనే మడిచాను. డబ్బాల సంగతి పొద్దున్న చెబుదాం, నాలుగు తిడుతుంది, పడదాం అనుకున్నాను. నేను లేచేసరికి అక్క ఎప్పట్లానే బీచికి వెళ్ళిపోయింది.

టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళేసరికి ఏడయింది. రోడ్డు గోడ మీద పదిమంది దాకా కూర్చుని ఇసుక వైపు చూస్తున్నారు. ఏముందబ్బా అని నేనూ చూశాను.

మా జాగాకి ఎడమ పక్కన లైఫ్‌గార్డుల పడవ దారి ఉంటుంది. ఎవరైనా మునుగుతుంటే తమ షెడ్డులోంచి పడవని ఒక్క తోపున నీళ్ళలోకి తోస్తారు. ఆ దారిలో పిల్లలు ఇసుకగూళ్ళు కట్టినా ఊరుకోరు. అక్క నలభై గొడుగులూ ఆ దారిలో వేసింది. నాలుగు వరసలు, వరసకి పది. ఒక్కటి కూడా వంకర లేదు. ఒక్కో గొడుగు కింద రెండేసి కుర్చీలు, నీళ్ళకి ఎదురుగా. మా జాగా మాత్రం ఊడ్చిన గచ్చులా ఖాళీగా ఉంది.

లైఫ్‌గార్డు అక్క దగ్గరికి వచ్చాడు. పదేళ్ళుగా ఎరిగినవాడు. "ఏంటక్కా, మకాం ఇటు మార్చావు?" అన్నాడు నవ్వుతూ.

అక్క తల మెల్లగా కుడికి తిప్పింది. తర్వాత ఎడమకి తిప్పింది. అతను ఆవిడ మోచేతి పక్కనే నిలబడి ఉన్నాడు. అక్క అతని కోసం వెతుకుతోంది.

అప్పుడు తెలిసింది నాకు. డబ్బాలు ఎందుకో కూడా అప్పుడే తెలిసింది.

"నేనే వెయ్యమన్నాను" అని అరుస్తూ పరుగెత్తాను. "మా జాగాలో ఇసుక చదును చెయ్యాలని, ఈ ఒక్క పూటకీ..."

"పడవ దారిలోనా?" లైఫ్‌గార్డు నవ్వు ఆగిపోయింది. "ఏమీ అనుకోకండి, ఇది డ్యూటీ పుస్తకంలో రాయక తప్పదు నాకు."

నలభై గొడుగులూ పీకి మళ్ళీ వేశాం. గంటన్నర పట్టింది. షెడ్డులోకి వెళ్ళాక అక్క నా మిషను ముందున్న స్టూలు మీద కూలబడింది.

"డబ్బాలేవి?"

"పీకేశాను."

"ఎన్ని?"

"అన్నీ."

"అడక్కుండా" అంది అక్క. తిట్టినా బాగుండేది.

తర్వాత అన్నీ చెప్పింది. ఒక డబ్బా ఎదురుగా పెట్టుకుని దాని దాకా నడవడం, అక్కణ్ణించి తలెత్తి రెండోదాన్ని పట్టుకోవడం, అలా నీళ్ళదాకా. డబ్బాకి ఇటు ఆరడుగులు మొదటి వరస, అక్కడి నుంచి రెండోది. రెండేళ్ళుగా అదే పద్ధతి. ఆ పొద్దున్న ఒక్క డబ్బా కూడా దొరక్క, ఎవరినీ అడగలేక, అంచనా మీద నడిచిందట.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

"పోనీ, బావకి?"

"చెబితే ఆ పూటే షెడ్డుకి తాళం పడుతుంది. నన్ను తీసుకెళ్ళి ఇంట్లో కుర్చీలో కూర్చోబెడతాడు. పద్దెనిమిదేళ్ళు ఊరందరికీ కుర్చీలు వేశానే. నాకొకళ్ళు వేస్తే కూర్చోలేను."

నాకు ఏడుపు ఆగలేదు. "ఆ ఏడుపేదో పలుగు పట్టుకునే ముందు ఏడవాల్సింది" అంది అక్క. అని తనే ఫ్లాస్కు తడుముకుని తీసి, నాకు టీ పోసింది.

మూడో రోజున ఆఫీసు నుంచి కబురొచ్చింది. పడవ దారి విషయం పుస్తకంలో చూశారట. వచ్చే శనివారం గొడుగులు వేసే వేళకి ఆఫీసరే స్వయంగా వస్తాడట, మొదటి నుంచీ చూసి, కాగితం తిరగరాయాలో వద్దో అప్పుడే తేలుస్తాడట. మళ్ళీ డబ్బాలు పాతడానికి లేదు. బీచిలో ప్లాస్టిక్కు పాతకూడదని కొత్తగా బోర్డు పెట్టారు. పెట్టించింది మా దండే. నేను తీసిన గోతిలో మా అక్క పడింది, నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను.

ముందు డిపోకి వెళ్ళాను. బావ బస్సు కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. బావకి చెప్పనని అక్కకి ఇచ్చిన మాట తప్పుతున్నానని తెలుసు. అయినా ఆ కాళ్ళకే మొత్తం చెప్పేశాను. బస్సు కింద రెంచి చప్పుడు ఆగింది. బావ బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"రెండేళ్ళ నుంచీ మనింట్లో ఎప్పుడైనా కుర్చీ జరిగిందా? నా చెప్పులు గుమ్మంలో చూశావా? ఆ డబ్బాలు డిపో నుంచి తెచ్చిచ్చింది ఎవరనుకున్నావు?"

"మరి అక్కతో ఎందుకనలేదు బావా?"

"తను చెప్పలేదుగా" అన్నాడు. అదేదో పెద్ద కారణమైనట్టు.

నాకు ఒళ్ళు మండింది. మొగుడూ పెళ్ళాం ఒకే గొట్టంలోంచి చూస్తూ, ఎవరికి వారు ఒంటరిగా బతుకుతున్నారు. మధ్యలో పలుగుతో నేను.

ఆ సాయంత్రమే మేడమ్ ఇంటికి వెళ్ళాను. ఆవిడ వంటింటి బల్ల మీద సీసా మూతల్ని రంగుల వారీగా ఆరబెట్టుకుంటోంది. ఉన్నదున్నట్టు చెప్పి, నా ఆలోచన బయటపెట్టాను. శనివారం దండంతా వచ్చి, డబ్బాలున్న చోట ఒక్కొక్కరు నిలబడాలి. వంగి చెత్త ఏరుతున్నట్టు ఉంటే చాలు. నారింజ ఏప్రన్ అక్కకి బాగా కనిపిస్తుంది.

మేడమ్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "ముప్పై ఒక్క ఏళ్ళు కాపీ కొట్టేవాళ్ళని పట్టుకున్నాను. ఇప్పుడు నన్నే చీటీలు అందించమంటున్నారు మీరు."

"తప్పు నాది మేడమ్."

"అది సరే. నీళ్ళలో ఎవడైనా మునుగుతుంటే చూసి కేకెయ్యాల్సింది మీ అక్క. కాగితంలో అలా రాసి ఉంటుంది. మునిగేవాడికి మీ అక్క పరువుతో పనేముంది?"

"ఇకనుంచి నీళ్ళు నేను చూస్తాను. రోజంతా అక్కడే ఉంటాను."

"ఆ ముక్క ఆఫీసరుతో చెప్పొచ్చుగా?"

"చెప్పాల్సింది అక్క. ఒకసారి అడక్కుండా చేశాను, చాలు."

మేడమ్ రెండు మూతల్ని అటువి ఇటు మార్చింది. "నేను అబద్ధం ఆడను. చెత్త ఏరడానికి వస్తాం. ఏరడానికి ఏమీ లేకపోతే అది మా తప్పు కాదు" అంది.

శనివారం పొద్దున ఆరింటికే దండు దిగింది. ఎందుకో వాళ్ళందరికీ చెప్పాను, అక్కకి రాత్రే చెప్పి ఒప్పించాను. బ్యాంకాయన తన గీతల కాగితంలో ఏది ఎక్కడ దొరికిందో చూసుకుంటూ, డబ్బాలున్న చోట్లు అడుగులతో కొలిచాడు. పది చోట్ల పదిమంది నిలబడ్డారు. నీళ్ళ దగ్గర పదకొండో చోటు మాత్రం ఖాళీగా వదిలారు. అక్కడికి నేను రమ్మన్న మనిషి వస్తాడని మేడమ్‌కి తెలుసు, అక్కకి తెలియదు.

ఆఫీసరు వచ్చి షెడ్డు పక్కన నిలబడ్డాడు. చెడ్డవాడేం కాదు, ఎండ పడని మనిషి, చెమటలు కక్కుతున్నాడు. అక్క తోపుడు బండి మీద గొడుగులూ కుర్చీలూ ఎత్తుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"నారింజ రంగు చూసుకుంటూ పో" అన్నాను చెవిలో.

"తెలుసులే. ఊదకు."

బండి కదిలింది. మొదటి ఏప్రన్ దాకా తిన్నగా వెళ్ళింది. అక్కడ అక్క తలెత్తింది, రెండోదాన్ని పట్టుకుంది. మొదటి వరస పడింది, రెండో వరస పడింది. ఎక్కడా తడబాటు లేదు. దండు వాళ్ళు నడుములు వంచి, ఏమీ లేని ఇసుకని పట్టకార్లతో పొడుస్తున్నారు. మేడమ్ అయితే ఒకే పట్టకారుతో ఒకే చోట అరగంట నుంచీ పొడుస్తోంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చివరి వరసలో అక్క పదోదాన్ని దాటి, పదకొండోదాని దగ్గరికి వెళ్ళింది. అక్కడ వంగి ఉన్న మనిషికి ఏప్రన్ చాలలేదు, వీపు మీద ముడి పడలేదు. అక్క బండి ఆపింది. మిగతా చోట్ల ఆగినదానికన్నా కాస్త ఎక్కువసేపే ఆగింది.

"డిపో సెలవా ఇవాళ?" అంది.

"ఊఁ" అన్నాడు బావ, తలెత్తకుండా.

"నీకు తెలిసి రెండేళ్ళా, మూడేళ్ళా?"

"రెండు."

అక్క చివరి గొడుగు వేసి, కుర్చీలు తెరిచి, బండి తోసుకుంటూ వెనక్కి వచ్చింది. వచ్చేటప్పుడు ఏప్రన్ల వంక చూడనే లేదు. షెడ్డు వైపు అంచనా మీద నడిచి, రెండు చోట్ల దారి తప్పి, సర్దుకుని వచ్చింది. ఆఫీసరు అప్పటికే కలం తీశాడు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ఆ రోజేదో పొరపాటు పడ్డారు, అంతే" అన్నాడు. అని ఇసుక వైపు చూసి, "ఇంత శుభ్రంగా ఉంది కదా, వీళ్ళంతా ఏం ఏరుతున్నారు?" అనడిగాడు మేడమ్‌ని.

మేడమ్ నోరు తెరిచింది, మూసింది.

"నన్ను ఏరుతున్నారు సార్" అంది అక్క.

ఆయనకి అర్థం కాలేదు. అక్క నింపాదిగా, బజారు కబురు చెప్పినట్టు చెప్పింది. తన కళ్ళ సంగతి, డబ్బాల సంగతి, ఈ ఏప్రన్ల సంగతి. ఇంట్లో ఎవరి దగ్గర దాచాలనుకుందో ఆ మనిషికే తెలిశాక, ఇక ఈయన దగ్గర దాచడం ఎందుకనిపించిందట. తర్వాత నాతో అంది ఆ మాట.

ఆఫీసరు కలం మూత పెట్టాడు. "కాగితం మీ పేరు మీద ఇవ్వలేనమ్మా. నీళ్ళ మీద కన్నేసి ఉంచగలిగిన మనిషికే ఇవ్వాలి."

"ఇవ్వొద్దు సార్. మునిగేవాడు నా ఎదురుగానే మునుగుతాడని ఏముంది."

"మీ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"చెల్లెలుంది" అంది అక్క. నేను ఆవిడ పక్కనే, కనిపించని వైపు ఉన్నాను. నా వైపు తిరగలేదు. "దాన్నే అడగండి. అడక్కుండా చెయ్యడం దానికి అలవాటు గానీ, నాకు లేదు."

ఆఫీసరు నన్ను అడిగాడు. జాగా తీసుకోవడం మీకిష్టమేనా అన్నాడు. పద్దెనిమిదేళ్ళు అక్కది. నేను పీకేసినందువల్ల నాకొస్తోంది.

"ఇష్టమే" అన్నాను ఎలాగో.

"గట్టిగా చెప్పవే" అంది అక్క. "పాపం, వాళ్ళ నడుములు పడిపోతున్నాయి."

గట్టిగా చెప్పాను. మేడమ్ మెళ్ళో ఈల తడుముకుంది గానీ ఊదలేదు. ఇసుకలో ఒక్కొక్కరే నడుం ఎత్తి నిలబడ్డారు. అందరికన్నా చివర, నీళ్ళ అంచున, బావ నిలబడ్డాడు.